కొత్త దేశము – కొత్త గడియారము

వర్ధమాన దేశములలో ప్రయాణించు విధమును గూర్చిన పుస్తకములు పెక్కు సంపన్న దేశముల వారిని ఉద్దేశించి వ్రాసినవి. బస్సు వేళకు బయలుదేరకపోవచ్చును, నీటిని కాచి త్రాగవలెను, బేరమాడుటకు సంకోచింపరాదు అని అవి హెచ్చరించును. ఆ హెచ్చరికలను చదివినప్పుడు మనకు చిరునవ్వు వచ్చును. మనము పుట్టి పెరిగినది అట్టి దేశములోనే గదా! కిక్కిరిసిన బస్సులు, టిక్కెట్టు కిటికీవద్ద త్రోపులాట, చిల్లర లేదను కండక్టరు, ఇవి మనకు క్రొత్త కావు. అందుచేత మరియొక వర్ధమాన దేశమునకు పోవునప్పుడు "ఇదంతా మనకు తెలిసినదే" అను ధీమాతో మనము విమానము దిగుదుము. ఆ ధీమాయే మనకు మొదటి ప్రమాదము.

ఈ సంగతి నాకు టాంజానియాలో బోధపడినది. 2024వ సంవత్సరమున ఒక నెల సెలవు పెట్టి, దారెస్సలాము నగరములో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుని ఇంటికి పోయి, అచ్చటినుండి బస్సులలోను రైళ్లలోను దేశము లోపలికి తిరిగితిని. టాంజానియా ఆఫ్రికా ఖండపు తూర్పు తీరమున ఉన్నది. విస్తీర్ణము దాదాపు 9,45,000 చదరపు కిలోమీటర్లు; అనగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండును కలిపిన దానికి మూడింతలకు పైగా. 2022 నాటి జనాభా లెక్కల ప్రకారము జనసంఖ్య సుమారు 6 కోట్ల 17 లక్షలు. 1961లో స్వతంత్రమైన టాంగన్యీకా, 1964లో జాంజిబారు ద్వీపములతో ఏకమై నేటి టాంజానియా అయినది. రాజధాని డొడోమా, అయినను వర్తకమునకు, రాకపోకలకు పెద్ద కేంద్రము రేవుపట్టణమైన దారెస్సలామే. బండ్లు మన దేశములో వలెనే రోడ్డునకు ఎడమవైపున నడచును.

ఈ దేశపు సామాన్య భాష స్వాహిలి. అది ఆఫ్రికాలోని బంటు భాషా కుటుంబమునకు చెందినది. శతాబ్దముల తరబడి హిందూ మహాసముద్రముపై సాగిన వర్తకము వలన అరబ్బీ, పారసీ, హిందీ, గుజరాతీ పదములు దానిలో కలిసినవి. కావున మన చెవికి అప్పుడప్పుడు ఒక చుట్టపు మాట తగులుచుండును. దుకాణమును వారు 'దుకా' అందురు. టీని 'చాయి' అందురు. చపాతీ చపాతీయే. బండికి 'గారి' అని పేరు. అది హిందీలోని గాడీయే. రైలునకు 'గారి లా మోషి' అని పేరు. 'మోషి' అనగా పొగ. పొగబండి! మన పెద్దలు రైలును తొలిసారి చూచి పెట్టిన పేరునే సముద్రమున కావలియొడ్డున ఉన్నవారు కూడ పెట్టుకొనిరి. ఇక మూడు చక్రముల ఆటో అచ్చట 'బజాజి'. మన దేశమునుండి దిగుమతి చేసికొన్న ఆటోలను తయారుచేసిన వారి పేరు అచ్చట జాతివాచకమైపోయినది.

అయితే పరిచయము ఎంత ఉన్నదో, పొరపాటునకు కూడ అంత అవకాశమున్నది. స్వాహిలిలో 'మామా' అనగా తల్లి. 'కాకా' అనగా అన్న. 'దాదా' అనగా అక్క. చుట్టరికములు తారుమారైనట్లు మనకు తోచును. తెలిసిన మాటయే కదా అని అర్థము అడుగక సాగిపోయినవాడు ఎక్కడనో ఒకచోట బోల్తాపడక తప్పదు. నేను బోల్తాపడిన చోటు ఇరింగా పట్టణపు బస్సుస్టాండు.

ఇరింగా దక్షిణ ప్రాంతపు ఎత్తైన నేలపై ఉన్న చల్లని పట్టణము. అచ్చటినుండి మ్బేయా పట్టణమునకు పోవుటకు నేను ముందునాటి సాయంకాలమే టిక్కెట్టు కొంటిని. గుమాస్తా దానిపై చేతివ్రాతతో 'సా 12 అసుబుహి' అని వ్రాసి ఇచ్చెను. 'సా' అనగా గంట అని నాకు తెలియును. పండ్రెండు గంటలకు బస్సు అని తెలిసికొన్న తరువాత మూడవ మాట కర్థమేమని అడుగవలెనని నాకు తోచలేదు. మరునాడు తీరికగా ఉపాహారము ముగించుకొని, పెట్టె పట్టుకొని పదునొకండు గంటలకు స్టాండునకు చేరితిని. ఒక గంట ముందుగా వచ్చితినని నన్ను నేను మెచ్చుకొంటిని కూడ.

టీ అంగడిలో రేడియో మ్రోగుచుండెను. ప్రకటన చేయు వ్యక్తి వేళ చెప్పెను: 'సా తానో'. నాకు అంకెల వరకు వచ్చును. 'తానో' అనగా అయిదు. నా చేతి గడియారము పదునొకండు చూపుచున్నది. ఇరువది సంవత్సరములుగా మైకు ముందు కూర్చుండి వేళ చెప్పుట నా వృత్తి. రేడియో కేంద్రము తప్పు వేళ ప్రకటించుట కంటె ఘోరమైన అపరాధము మా వృత్తిలో లేదు. పాపము, ఎవరో క్రొత్తవారు కాబోలు, నేడు సంజాయిషీ వ్రాసి ఇచ్చుకొనవలసినదే అని మనసులో నవ్వుకొంటిని. అర్ధగంట గడచిన తరువాత నా టిక్కెట్టును ఒకరికి చూపి, బస్సు ఎచ్చట నిలుచునని అడిగితిని. ఆయన టిక్కెట్టును, నన్ను మార్చి మార్చి చూచెను. ఆ బస్సు తెల్లవారుచుండగానే వెడలిపోయినది.

తప్పు గుమాస్తాది కాదు, రేడియోది కాదు, నాదే. స్వాహిలి మాటలాడువారు గంటలను అర్ధరాత్రినుండి గాక సూర్యోదయమునుండి లెక్కింతురు. మన గడియారమున ఉదయము ఏడు గంటలైనప్పుడు వారికి మొదటి గంట. దానిని 'సా మోజా' అందురు. మన మధ్యాహ్నము పండ్రెండు వారికి ఆరు. సాయంకాలము ఆరు వారికి పండ్రెండు. అచ్చటినుండి రాత్రి గంటలు మరల ఒకటితో మొదలగును. 'అసుబుహి' అనగా ఉదయము. కావున 'సా 12 అసుబుహి' అనగా ఉదయము ఆరు గంటలు. రేడియోలో ప్రకటించినవారు చెప్పిన అయిదు గంటలు నా గడియారములోని పదునొకండే. ఆ వేళ నిమిషముతో సహా సరియైనది.

ఈ లెక్కకు కారణము భూగోళములోనే ఉన్నది. టాంజానియా భూమధ్యరేఖకు చేరువలో ఉన్నది. వేసవియనక, శీతకాలమనక ఏడాది పొడుగునను సూర్యుడు ఇంచుమించు ఒకే వేళకు ఉదయించి, ఒకే వేళకు అస్తమించును. పగలు పండ్రెండు గంటలు, రాత్రి పండ్రెండు గంటలు. అట్టి చోట సూర్యుని కంటె నమ్మకమైన గడియారము ఏమున్నది? ఆలోచించి చూచినచో ఇది మనకు కూడ క్రొత్త కాదు. మన పూర్వులు సూర్యోదయము మొదలుకొని ఘడియలు లెక్కించిరి. ఘడియకు ఇరువదినాలుగు నిమిషములు, దినమునకు అరువది ఘడియలు. అందరును గాఢనిద్రలో ఉన్న అర్ధరాత్రివేళ తేదీ మారుటయే నిజమునకు వింత. మన తాతగారికి సహజమైన లెక్కను ఇరింగాలో టీ అమ్ముచున్న తల్లి నాకు మరల నేర్పవలసి వచ్చినది.

ఆమె నేర్పిన ఉపాయము తేలికయైనది. మామూలు గడియారములో గంటల ముల్లు ఏ అంకెపై ఉన్నదో, సరిగా దాని కెదురుగా ఉన్న అంకెను చదువుకొనవలెను. ముల్లు ఏడుపై ఉన్నచో ఎదుట ఒకటి; తొమ్మిదిపై ఉన్నచో ఎదుట మూడు. అంతే. విమానములు, రైళ్లు, కార్యాలయములలోని ఆంగ్ల ప్రకటనలు అంతర్జాతీయ పద్ధతినే అనుసరించును. నోటిమాటలో, చేతివ్రాత టిక్కెట్టులో, స్వాహిలి రేడియోలో ఉండునది సూర్యుని లెక్క. కాబట్టి ఎవరైన వేళ చెప్పినప్పుడు "ఏ లెక్క ప్రకారము?" అని తప్పక అడుగవలెను. "సూర్యుడు వచ్చినప్పుడా, నడినెత్తిన ఉన్నప్పుడా?" అని చేతితో ఆకాశమును చూపి అడిగినను చాలును.

మరునాటి వరకు బస్సు లేదు. ఆ తల్లి నాకొక ముక్కాలిపీట వేసినది. అంగడి పెట్టుకొని అన్నము వండి అమ్మునట్టి స్త్రీలను అచ్చట 'మామా లిషే' అందురు. అన్నము పెట్టు తల్లి అని అర్థము. ఆంగ్లము తెలిసిన ఒక విద్యార్థి మా మధ్య దుబాసీగా కూర్చుండెను. ఆ దినమంతయు నేను స్టాండును చూచుచు గడపితిని. పోగొట్టుకొన్నాననుకొన్న ఆ దినముననే నేను ఎక్కువ నేర్చుకొంటిని.

మొదట గమనించినది బస్సుల చుట్టును తిరుగుచు ప్రయాణికులను కేకవేసి పిలుచు యువకులను. వారిని 'వాపిగా డెబే' అందురు. 'డెబే' అనగా రేకుడబ్బా. అది మన డబ్బాయే. 'వాపిగా' అనగా కొట్టువారు. డబ్బా కొట్టువారు! మన భాషలో ఈ మాట కున్న వ్యంగ్యము కూడ అచ్చట సరిగా సరిపోవును. తాము చూపిన బస్సే అన్నిటి కంటె వేగమైనదనియు, ఇప్పుడే కదలుచున్నదనియు వారు చెప్పుదురు. వారు దుష్టులు కారు. ఎక్కించిన మనిషి కింత అని వారికి ముట్టును. పెట్టె చేతినుండి లాగుకొన్నచో కోపము తెచ్చుకొనక, నవ్వి, పెట్టె వదలక, నేరుగా టిక్కెట్టు గది కిటికీకి పోవలెను. ధరను తోటి ప్రయాణికుని అడిగి తెలిసికొనవలెను. చిన్న నోట్లు విడిగా ఉంచుకొనవలెను.

రెండవది చిన్న బండ్ల నడక. పట్టణములలో తిరుగు చిన్న బస్సులకు 'డాలాడాలా' అని పేరు. పూర్వము వాటి చార్జీయైన అయిదు షిల్లింగుల నాణెమును జనులు వేడుకగా 'డాలా', అనగా డాలరు, అనుటచేత ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. ఈ బండ్లు నిండినగాని కదలవు. నిండినట్లు మనకు కనిపించినను, వారి దృష్టిలో ఇంకను నలుగురికి చోటుండును. కదలిన తరువాత విపరీతమైన వేగముతో పోవును. పరదేశి దీనిని చూచి, ఈ జనులకు క్రమశిక్షణ లేదని తీర్పు చెప్పివేయును. కాని దీనికి ఒక లెక్క ఉన్నది. ఆ లెక్కకు పేరు కూడ 'హెసాబు' అనియే. తెలంగాణములో మనము వాడు హిసాబు అను మాటయే అది. సామాన్యముగా డ్రైవరు బండికి యజమాని కాడు. అతడు దినమున కింత అని యజమానికి కట్టవలెను. అదియే హెసాబు. ఆపైన ఇంధనపు ఖర్చు. ఈ రెండును పోగా మిగిలినది డ్రైవరు, కండక్టరులకు ఆనాటి కూలి. మిగులకపోయినచో కూలి లేదు. కావున ఎక్కువ మందిని ఎక్కించుట, ఎక్కువ తడవలు తిరుగుట తప్ప వారికి గత్యంతరము లేదు. ఆ వేగము వారి స్వభావమునుండి వచ్చినది కాదు. ఆ ఒప్పందమునుండి వచ్చినది. మన పట్టణములలో అద్దెకు తీసికొని ఆటో నడుపు వారిని ఎరిగినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

మూడవది మర్యాద. అచ్చట ఎవరును నేరుగా ప్రశ్న అడుగరు. ముందు క్షేమసమాచారము, తరువాత ప్రశ్న. 'హబారి' అనగా విశేషములేమి అని పలకరింపు. పెద్దవారు కనిపించినచో 'షికమో' అనవలెను. వారు 'మరహబా' అని ప్రతివచనము పలుకుదురు. 'షికమో' అనగా మీ పాదములు పట్టుకొనుచున్నాను అను అర్థమునుండి పుట్టినదని చెప్పుదురు. మన పాదాభివందనమే అది, మాటగా మారినది. తెల్లజుట్టుగల కావలివానికి నేను 'షికమో' అన్ననాడు అతడు లేచి నిలుచుండి, నా బస్సు ఏ చోటికి వచ్చునో అచ్చటికి స్వయముగా తీసికొనిపోయెను. దారి అడిగినచో తెలియదని చెప్పుట అమర్యాదగా ఎంచి, తోచినది చెప్పువారును కలరు. ఇది మన యెడను కద్దు. కావున ఒకే ప్రశ్నను ముగ్గురిని వేరువేరుగా అడుగుట మంచిది.

సాయంకాలమునకు ఆ తల్లి ఒక సామెత చెప్పినది: 'హరాకా హరాకా హైనా బరాకా'. తొందరకు దైవానుగ్రహము లేదు అని తాత్పర్యము. నిదానమే ప్రధానమని నేను బదులు చెప్పితిని. విద్యార్థి దానిని స్వాహిలిలోనికి మార్చెను. ఆమె నవ్వి, డబ్బులు పుచ్చుకొనక మరియొక గ్లాసు టీ ఇచ్చినది.

ఇక తక్కిన సాధనములను గూర్చి కొంత చెప్పవలసియున్నది. దారెస్సలాములో 2016నుండి ప్రత్యేక మార్గముపై నడచు పెద్ద బస్సులు ఉన్నవి. వాటిని జనులు 'మ్వెండోకాసి', అనగా వేగగామి, అందురు. ఇరుకు సందులలోనికి పోవుటకు 'బోడాబోడా' అను మోటారుసైకిళ్లు కలవు. కెన్యా, ఉగాండాల సరిహద్దు దాటించుటకు మొదట సైకిళ్లపై మనుషులను తీసికొనిపోయినవారు 'బోర్డరు, బోర్డరు' అని కేకవేయుటచే ఆ పేరు కలిగినదందురు. శిరస్త్రాణము ఇచ్చినవాని బండి తప్ప ఎక్కరాదు. దూరపు బస్సులు 2021నుండి నగరపు పడమటి అంచున మ్బేజి వద్ద నిర్మించిన పెద్ద స్టాండునుండి బయలుదేరుచున్నవి. అచ్చటికి చేరుటకే ఒక్కొక్కప్పుడు గంటకు పైగా పట్టును. తెల్లవారుజాము బస్సు అయినచో ముందురాత్రియే ఏర్పాటు చేసికొనవలెను.

రైళ్ల సంగతి చిత్రమైనది. దారెస్సలామునుండి మూడు రైలుమార్గములు బయలుదేరును. మూడింటికిని పట్టాల వెడల్పు వేరు, స్టేషనులు వేరు. మొదటిది జర్మనుల పాలనలో 1905లో ఆరంభమై 1914లో టాంగన్యీకా సరస్సు ఒడ్డునున్న కిగోమాకు చేరిన మార్గము. అది మీటరుగేజి. రెండవది 'తాజారా'. తీరము లేని జాంబియా దేశపు రాగి సముద్రమునకు చేరవలెనన్నచో దక్షిణమున రొడీషియా మీదుగా పోవలసియుండెను. 1965లో అచ్చటి అల్పసంఖ్యాక శ్వేతజాతి ప్రభుత్వము ఏకపక్షముగా స్వాతంత్ర్యము ప్రకటించుకొన్న తరువాత ఆ దారి కష్టమైనది. అప్పుడు చైనా సహాయముతో 1970, 1975 సంవత్సరముల మధ్య 1,860 కిలోమీటర్ల ఈ మార్గమును వేసిరి. దక్షిణాఫ్రికా ప్రాంతపు రైళ్లతో కలియుటకై దీని వెడల్పు 1,067 మిల్లీమీటర్లు. మూడవది అంతర్జాతీయ ప్రమాణమైన 1,435 మిల్లీమీటర్ల వెడల్పుతో వేసిన విద్యుత్ రైలుమార్గము. దీనిపై 2024లో డొడోమా వరకు రైళ్లు నడచుట ప్రారంభమైనది. బస్సులో ఒక పగలు పట్టు దూరమును నేను దీనిలో నాలుగు గంటల లోపుననే చేరితిని. వలసపాలన, స్వాతంత్ర్యము, నేటి కాలము, మూడు యుగములు మూడు జతల పట్టాలుగా ఒకే నగరములో నిలిచియున్నవి. ప్రయాణికునికి దీనివలన కలుగు ఉపదేశము ఒక్కటే: బజాజి ఎక్కి "స్టేషనుకు పోనిమ్ము" అన్నచో చాలదు, ఏ స్టేషనుకో చెప్పవలెను. పాత మార్గములపై రైళ్ల దినములు మారుచుండును గనుక విచారించిన తరువాతనే పెట్టె సర్దుకొనవలెను.

ఋతువును కూడ చూచుకొనవలెను. మార్చి మొదలు మే వరకు 'మసికా' అను పెద్దవానలు. సంవత్సరాంతమున 'వులి' అను చిన్నవానలు. పెద్దవానలలో మట్టిరోడ్లు తెగిపోవును. జూనునుండి అక్టోబరు వరకు పొడికాలము ప్రయాణమునకు అనుకూలము. మలేరియా ఉన్న దేశము గనుక బయలుదేరుటకు ముందే వైద్యుని సలహా పొంది, దోమతెర క్రింద పరుండవలెను. 2019 జూన్ 1నుండి ప్లాస్టిక్ చేతిసంచులు నిషిద్ధములు. మన ఆవకాయను గుడ్డసంచిలో పెట్టుకొని పోవుట మేలు. రాత్రివేళ దూరపు బస్సులు నడుపరాదను నిషేధము ప్రమాదముల కారణముగా 1990లలో వచ్చి, 2023లో తొలగింపబడినది. చట్టము అనుమతించినను, క్రొత్తవారు పగటి బస్సునే ఎన్నుకొనుట క్షేమకరమని నా సలహా.

ఈ క్షేమమను మాటవద్ద నేను కొంచెము ఆగవలసియున్నది.

నా ప్రయాణపు చివరి భాగమున విక్టోరియా సరస్సు దక్షిణపు ఒడ్డునున్న మ్వాంజా నగరమునకు పోయితిని. ఆఫ్రికాలో అన్నిటికంటె పెద్దదైన ఆ సరస్సునకు ఆవలి గట్టు కనిపించదు. 1996 మే 21న ఈ నగరమునకు చేరువలోనే 'బుకోబా' అను ఓడ మునిగి వందలాది మంది మరణించిరి. మొదటి రెండు తరగతుల ప్రయాణికుల పేర్లు మాత్రమే పట్టికలో ఉండెను. మూడవ తరగతి వారికి పట్టికయే లేదు. ఎందరు పోయిరో నిశ్చయముగా చెప్పుట అందుచేతనే కష్టమైనది. 2018 సెప్టెంబరు 20న ఇదే సరస్సులో 'న్యెరెరే' అను బల్లకట్టు ఓడ ఉకారా దీవి దగ్గర బోల్తాపడినది. 101 మందికి అనుమతి ఉన్న ఆ ఓడలో ప్రాణములు కోల్పోయినవారే 220 మందికి పైగా. ఇది ఏదో దూరదేశపు కథయని మనము అనుకొనుటకు వీలు లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద గోదావరిలో పడవ మునిగిన సంగతి మనము మరువలేదు.

మ్వాంజాకు పోవు బస్సులో ఒక ఉపాధ్యాయునితో నాకు పరిచయమైనది. ఆయన ఒక దీవిలో ప్రాథమిక పాఠశాలలో పనిచేయుచుండెను. తమ ఊరు చూడ రమ్మని నన్ను పిలిచెను. మరునాడు ఇద్దరమును రేవునకు పోయితిమి. ఆ పూటకు ఉన్నది ఒక చిన్న కొయ్యపడవ, ఇంజను కలది. మనుషులు, ధాన్యపు మూటలు, కోళ్లగంప, ఒక మోటారుసైకిలు. నేను తలలు లెక్కింప మొదలిడి, ముప్పది వరకు వచ్చి మానివేసితిని. ఈత చొక్కాలు నాలుగో అయిదో కొయ్యకు వ్రేలాడుచుండెను. పడవ అంచు నీటికి జానెడు ఎత్తున కూడ లేదు. నేను గట్టుమీదనే నిలిచిపోయితిని.

"నేను ఇందులో ఎక్కలేను, మాస్టారూ. క్షమించండి. పెద్ద ఓడలో రేపు వస్తాను" అంటిని.

ఆయన నొచ్చుకొనలేదు. "మీరు చేసింది మంచి పనే. మీరు రేపు రావచ్చు. నాకు రేపు ఉదయం బడి ఉంది" అని పలికి, బూట్లు విప్పి చేత పట్టుకొని, నీటిలో నడచిపోయి పడవ ఎక్కెను.

ఆ సాయంకాలము వరకు నా మనస్సు మనస్సులో లేదు. చీకటిపడు వేళకు క్షేమముగా చేరితినని ఆయన ఫోనులో వార్త పంపెను. పడవ మునుగలేదు. దాదాపు ప్రతిదినమును అది మునుగదు. ప్రతిదినమును మునుగదు గనుకనే జనులు ఎక్కుచుందురు. గత్యంతరము లేదు గనుక కూడ ఎక్కుచుందురు. నేను ఎక్కకుండుటకు నాకు పట్టిన ఖర్చు ఒక రాత్రి వసతి సొమ్ము. ఆయన ఎక్కకుండుటకు పట్టు ఖర్చు నలువదిమంది పిల్లల పాఠము. వర్ధమాన దేశములో అతిథికిని, ఆ దేశస్థునికిని ఉన్న భేదము చర్మపు రంగులో లేదు, చేతిలోని ఫోనులో లేదు. "రేపు పోవచ్చును" అను ఆ ఒక్క మాటలో ఉన్నది.

కావున టాంజానియాకు గాని, అట్టి మరియొక దేశమునకు గాని పోవు మనవారికి నేను చెప్పునవి రెండే మాటలు. ఎక్కుటకు ముందు వేళ ఏ లెక్క ప్రకారమో అడుగుడు. ఎక్కుటకు ముందు ఎందరు ఎక్కిరో చూడుడు. మొదటి ప్రశ్న అడుగుటకు సిగ్గుపడినచో బస్సు తప్పును. బస్సు తప్పుట అంత నష్టము కాదు. రెండవ విషయమున సిగ్గుపడినచో మరల సరిదిద్దుకొనుటకు వీలుండదు. వెనుకకు తగ్గుటవలన అతిథేయులు చిన్నబుచ్చుకొందురను భయము వలదు; వారికి ఆ ప్రమాదము మనకంటె బాగుగా తెలియును. అట్లని గట్టుమీద నిలిచి, పడవలో ఉన్నవారిని తెలివిలేనివారిగా ఎంచుటయు తగదు. రేవులో లెక్కించు మనిషి ఉండుట, పట్టికలో మూడవ తరగతివాని పేరు కూడ ఉండుట, డ్రైవరునకు హెసాబు గాక జీతము ఉండుట, ఇవి అతిథుల సౌకర్యములు కావు. ఆ ఉపాధ్యాయునికి చెందవలసిన హక్కులు. ఆయనకు అచ్చట అవి ఎంత అవసరమో, మన గోదావరి లంకలలోనివారికి ఇచ్చట అంత అవసరము.

మరునాడు పెద్ద ఓడలో పోయి ఆయన బడి చూచితిని. గోడమీద ఒక గడియారముండెను. ముల్లు పదింటిపై ఉన్నది. వేళ ఎంత అని ఒక పిల్లవాడు నన్ను పరీక్షించెను. నేను ఎదుటి అంకె చూచి 'సా న్నే', నాలుగు గంటలు, అంటిని. తరగతి అంతయు చప్పట్లు కొట్టినది. వేళ సరిగా చెప్పినందుకు నా ఉద్యోగజీవితములో నాకు లభించిన మెప్పు అదియొక్కటే.